చిలుము వదలించు విద్య

ఇత్తడి గిన్నెలను బొగ్గుల కొలిమిపై కాల్చి, నవసాగరపు పొడి చల్లి, తెల్లని పొగ లేచుచుండగనే కరగిన తగరమును దూదితో లోపలంతయు పులిమెడి కళాయివారు, స్టీలు పాత్రలు రాకమునుపు, వరంగల్లు ప్రాంతమునందలి పెద్దవంగర వంటి పల్లెలకు సుపరిచితులు. వారి నేర్పు తగరమునందుగాక చిలుము వదలించుటయందే యుండెను; కాగిన నవసాగరమునుండి వెడలు ఆమ్లవాయువు చిలుమును హరించినగాని పూత పాత్రను పట్టదు. అర్ధవాహకములపై పలుచని పొరలు పెంచువారికిని ఈ చిక్కే యెదురయ్యెను. దానికి వారు కనుగొన్న నవసాగరము పరమాణు ఉదజని.

ఆ కథ విద్యుద్దీపముల వ్యాపారమున మొదలయ్యెను. 1909లో అమెరికాయందలి స్కెనెక్టడీ నగరమున, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనాలయమున చేరిన ఇర్వింగ్ లాంగ్ముయిర్, టంగ్‌స్టన్ తీగను ఉదజనిలో నుంచి కాల్చి చూడగా, ఉష్ణము లెక్కకు మించి తరిగిపోవుచుండెను. జంటలుగా నుండు ఉదజని పరమాణువులు తీగను తాకి విడిపోవుచున్నవనియు, ఆ వియోగమునకే వేడి వ్యయమగుచున్నదనియు ఆయన 1912లో ప్రకటించెను. అట్లు విడిపోయిన పరమాణువు ఒంటరిగా నిలువజాలదు, దొరికినదానితో కూడును. లోకము దానిని మొదట లోహముల నతుకుటకు మాత్రమే వాడుకొనెను.

అర్ధవాహకములయందు దాని యుపయోగము పిదప తెలిసెను. గాలియం ఆర్సెనైడు అను అర్ధవాహకపు పలకకు గాలి సోకినంతనే ఆక్సైడు పొర కట్టును. వట్టి వేడిచే దానిని పోగొట్టవలెనన్న సుమారు 580 డిగ్రీల సెల్సియసు కావలెను. అంత వేడికి పలకపై గుంటలు పడును. పరమాణు ఉదజని సోకినచో ఆ పొర 400 డిగ్రీల ప్రాంతముననే వదలిపోవును, దానిపై పెంచు పొర నునుపుగా కుదురును.

సిలికాను విషయమున ఉదజని చేసిన మేలు వేరు. 1969లో ఇంగ్లండునందలి హార్లోలో చిట్టిక్ బృందము సిలికాను, ఉదజనుల కూడికయగు సైలేన్ వాయువును విద్యుత్తుచే విడగొట్టి పలుచని పొరలు పెంచెను. 1975లో డండీ విశ్వవిద్యాలయమున స్పియర్, లెకోంబర్ అను వారు అట్టి పొరకు ఫాస్ఫరసును, బోరానును చేర్చి దాని విద్యుద్వాహకతను ఇచ్చవచ్చినట్లు మార్పగలిగిరి. తెగి వ్రేలాడు సిలికాను బంధములను పొరలోని ఉదజనియే పూరించుచున్నదను సంగతి మాత్రము తరువాతగాని లోకమునకు బాగుగ తెలియలేదు. ఫలము ముందు, కారణము వెనుక దొరకుట శాస్త్రమున తరచు జరుగునదే.

తెలుగునాట తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున సౌరఘటములకు పనికివచ్చు పలుచని పొరలపై దశాబ్దములుగా పరిశోధన జరుగుచున్నది. 1959లో వెలసిన వరంగల్లు ఇంజనీరింగు కళాశాల, నేటి ఎన్.ఐ.టి., పెద్దవంగర ప్రాంతమువారికి అందుబాటులోనే యున్నది. భౌతిక రసాయన శాస్త్రములు చదువు మన ప్రాంతపు బిడ్డలు ఈ విద్యవైపు దృష్టి సారింతురుగాక.