హాంబర్గ్‌లో ఆ రోజు విమానం రెక్క నేలకి ఎందుకు తగిలింది?

తుఫాను గాలిలో దిగబోతున్న విమానం, రెక్క నేలకి తగిలి, మళ్లీ పైకి లేచిపోయే వీడియో ఒకటుంది. మీలో చాలామంది చూసే ఉంటారు. చూసిన ప్రతిసారీ నేను "పైలట్ తప్పేమో" అనుకునేవాణ్ణి. దర్యాప్తు రిపోర్ట్ చూశాక ఆ మాట అనలేకపోయాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. హాంబర్గ్ ఎయిర్‌పోర్ట్ 1911లో మొదలైంది. ఆ కాలంలో ఎయిర్‌పోర్ట్ అంటే చాలాచోట్ల పెద్ద గడ్డి మైదానమే. గాలి ఎటు నుంచి వీస్తే అటు తిరిగి, దానికి ఎదురుగా దిగేవాళ్లు. తర్వాత విమానాలు బరువెక్కాయి, కాంక్రీట్ రన్‌వేలు వచ్చాయి. వేసిన రన్‌వే దిక్కు మారదు, గాలి మాత్రం రోజూ మారుతుంది. పక్కగాలి అక్కడే పెద్ద సమస్య అయింది.

గోదావరి దాటే పడవ ముక్కు కొంచెం ఎగువకి పెడతారు కదా, లేకపోతే దిగువకి కొట్టుకుపోతుంది. విమానమూ అంతే, ముక్కు గాలి వైపు తిప్పి ఏటవాలుగా వస్తుంది. నేల తాకే ముందు రడ్డర్ తొక్కి ముక్కుని రన్‌వేకి సరిచేస్తారు. అప్పుడే గాలి వైపు రెక్కని కాస్త దించి పట్టుకోవాలి, లేదంటే గాలి దాన్ని లేపేస్తుంది.

2008 మార్చి 1, ఎమ్మా తుఫాను. మ్యూనిక్ నుంచి లుఫ్తాన్సా ఎ320 వచ్చింది. రన్‌వే 23, అంటే సుమారు 230 డిగ్రీల దిక్కు. గాలి 300 డిగ్రీల నుంచి, విసురు 47 నాట్లు, గంటకి 87 కిలోమీటర్లు. ఎడమ చక్రం తగిలింది, విమానం మళ్లీ లేచింది, ఎడమ రెక్క చివర నేలని గీకింది. పైలట్లు వెంటనే గో అరౌండ్ చేశారు. తర్వాత అక్కడే ఉన్న రెండో రన్‌వే 33 మీద దిగారు. దానికి గాలి తేడా 30 డిగ్రీలే. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

2010లో రిపోర్ట్ వచ్చింది. పరీక్షల్లో ఈ విమానం 33 నాట్ల పక్కగాలిలో, 38 దాకా విసురులో దిగి చూపించింది. అది దాటకూడని హద్దా, కాదా? మాన్యువల్‌లో స్పష్టంగా లేదు. ఇంకోటి, చక్రం తగలగానే కంప్యూటర్ "నేల మీదున్నాం" అనుకుని రెక్కల కంట్రోల్ తగ్గించింది. ఆ సంగతి పైలట్లకి తెలియదు.

అందుకే ఫ్రెండ్స్, ఈసారి మీ విమానం దిగబోయి మళ్లీ పైకి లేస్తే భయపడకండి. హాంబర్గ్‌లో అందరినీ ఇంటికి చేర్చింది ఆ నిర్ణయమే.