ఔత్సాహికుల చేతిలో తాలిలిన్ రైలు

బ్రిటన్‌లో పడమటి దిక్కున వేల్సు సీమ ఉన్నది. దాని సముద్రతీరాన టవిన్ అనే చిన్న పట్టణం. అక్కడనుంచి ఒక కొండలోయ వెంట ఏడుంబావు మైళ్ళు లోపలికి సాగిపోయే చిన్న రైలుమార్గం పేరు తాలిలిన్. పట్టాల మధ్య ఎడము రెండడుగుల మూడంగుళాలు. నౌపడానుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోతుండిన పాత చిన్నబండి ఎక్కినవారు శ్రోతలలో ఉంటే, దానికంటె ఇది మరి మూడంగుళాలు ఇరుకని ఊహించుకోవచ్చును. మన చిన్నబండి మార్గం ఇప్పుడు బ్రాడుగేజి అయినది. తాలిలిన్ మాత్రం నూట అరవై ఏండ్లు దాటినా ఆ ఇరుకు పట్టాలమీదనే పోతున్నది. జీతం ఆశించని మనుష్యులు ఒక సంఘంగా చేరి, మూతపడనున్న రైలును తమ చేతిలోనికి తీసుకొని నడుపుట ప్రపంచంలో మొదట జరిగినది ఇక్కడనే, 1951లో.

ఈ మార్గం ప్రయాణికులకోసం పుట్టినది కాదు, పలక రాతికోసం పుట్టినది. మనం అక్షరాలు దిద్దుకున్న పలక మార్కాపురం గనులనుంచి వచ్చేది. వేల్సు కొండలలో అటువంటి రాతినే పలుచగా చీల్చి ఇండ్ల కప్పులకు పరచేవారు. టవిన్ వెనుక కొండలలోని బ్రిన్ ఎగ్లూయిస్ గనిని 1864లో కౌలుకు తీసుకున్నవాడు విలియం మెకొనెల్. ఆయన మాంచెస్టరు నూలుమిల్లుల కుటుంబానికి చెందినవాడు. నూలు వర్తకునికి రాతిగనితో ఏమి పని అని అడుగవచ్చును. అమెరికాలో 1861లో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి రాక ఆగిపోయినది. మాంచెస్టరు మిల్లులు పనిలేక నిలిచినవి. ఆ యుద్ధమే మన దేశపు పత్తికి గిరాకీ తెచ్చినది. మాంచెస్టరు ధనికులను మాత్రం వేరే వ్యాపారం వెదకుకొమ్మన్నది. మెకొనెల్ రాతిలో పెట్టుబడి పెట్టి, రాయి సముద్రతీరానికి చేరుటకు రైలు వేయించినాడు. 1865లో పార్లమెంటు శాసనం వచ్చినది. ఆవిరి ఇంజనుతో ప్రయాణికులనుకూడ తీసుకుపోవచ్చునని శాసనం ద్వారా అనుమతి పొందిన నేరోగేజి మార్గాలలో బ్రిటన్‌లో ఇదే మొదటిది.

అనుమతికి ముందు ప్రభుత్వ తనిఖీ అధికారి కాప్టెన్ టైలర్ వచ్చి చూచినప్పుడు ఒక వింత లోపం బయటపడినది. పట్టాలపైగా కట్టిన వంతెనల కమానులు మరీ ఇరుకు. పెట్టె గోడకూ వంతెన గోడకూ మధ్య ఉండవలసినంత ఖాళీ లేదు. తలుపు తెరిస్తే మనిషి దిగే వీలు లేదు. వంతెనలను పడగొట్టి మరల కట్టుటకు డబ్బు కావాలి. అందుకని వంతెనల క్రింద పట్టాలను ఒక ప్రక్కకు జరిపి, రెండవ ప్రక్కన ఖాళీ మిగిల్చి, పెట్టెలకు ఇరుకువైపు తలుపులు శాశ్వతంగా మూసివేసినారు. అందువలన ప్లాట్‌ఫారాలన్నీ ఒకే వైపున కట్టవలసి వచ్చినది. తాత్కాలికంగా తోచిన ఆ ఉపాయం నేటికీ చెల్లుతున్నది.

తెచ్చిన ఇంజనులు రెండు. వైట్‌హేవెన్‌లోని ఫ్లెచర్, జెన్నింగ్సు కంపెనీ 1864లో కట్టిన "తాలిలిన్", 1866లో కట్టిన "డోల్గోఖ్". పెట్టెలు నాలుగు, గార్డు వాను ఒకటి. ఆ వానుకే టిక్కెట్లమ్మే కిటికీ ఉన్నది. బండి ఆగినచోట గార్డే దిగి టిక్కెట్లిచ్చేవాడు. ఎనుబదియైదేండ్లపాటు ఈ మార్గానికి ఆస్తి యావత్తూ దాదాపు ఇంతే. కొత్తది కొనే స్తోమత లేనందువలననే పాతది మిగిలినది. చరిత్రను కాపాడినవారిలో బీదరికానికికూడ కొంత భాగమున్నదని చెప్పకతప్పదు.

1911లో గని, రైలు రెండూ సర్ హెన్రీ హేడన్ జోన్సు చేతికి వచ్చినవి. ఆయన ఆ జిల్లా తరపున 1910నుంచి 1945వరకు పార్లమెంటు సభ్యుడు. గనిలో లాభం సన్నగిల్లినది. 1946 డిసెంబరులో గనిలో కొంత భాగం కూలిపోగా పని ఆపివేసినారు. రైలుకు మోయవలసిన సరుకు లేకుండా పోయినది. అయినను తాను బ్రతికియున్నంతకాలం బండి నడుస్తుందని హేడన్ జోన్సు మాట ఇచ్చినాడు. వేసవిలో వారానికి కొన్ని దినాలు నడిపించినాడు కూడ. 1921లో చిన్న కంపెనీలను పెద్దవాటిలో కలిపినప్పుడుగాని, 1947 శాసనంతో రైళ్ళు జాతీయమైనప్పుడుగాని తాలిలిన్ పేరు ఆ జాబితాలలో చేరలేదు. చేరియున్నట్లయితే బహుశా అప్పుడే మూసివేసేవారు. 1950 జూలై 2న హేడన్ జోన్సు మరణించినాడు. ఆయన మాటకు గడువు తీరిపోయినది.

ఈ ఘట్టంలో ప్రవేశించినవాడు ఎల్.టి.సి. రోల్టు. 1910లో జన్మించిన ఈయన రచయిత. అంతకుముందు కెర్ స్టూవర్టు ఇంజను కర్మాగారంలో పని నేర్చినవాడు. దేశపు పాత కాలువలను కాపాడుటకు 1946లో సంఘం స్థాపించినవారిలో ఒకడు. ఆయన పత్రికకు వ్రాసిన లేఖకు స్పందన రాగా, 1950 అక్టోబరు 11న బర్మింగుహాము నగరంలో ఒక హోటలులో సభ జరిగినది. వచ్చినవారు సుమారు డెబ్బదిమంది. తాలిలిన్ రైలు సంరక్షణ సంఘం అక్కడ పుట్టినది. హేడన్ జోన్సు భార్య వాటాలను కొత్తగా ఏర్పడిన ఒక కంపెనీకి బదిలీ చేసినది. 1951 మే 14న సంఘం పేర మొదటి బండి టవిన్‌నుంచి రిడరోనెన్ వరకు నడిచినది. జూన్ 4నుంచి క్రమంగా సర్వీసు మొదలైనది. రోల్టే జనరల్ మేనేజరు.

ఇంతవరకు చెప్పినదంతా ఉత్సాహం. మనవాళ్ళు ఆరంభశూరత్వమనే మాట ఊరకే పుట్టించలేదు. అసలు కథ ఇక్కడనుంచి మొదలు.

ఇంజనులు రెండింటిలో "తాలిలిన్" కదలలేని స్థితిలో షెడ్డులో ఉన్నది. తిరిగేది "డోల్గోఖ్" ఒక్కటే, అదికూడ ఎనుబదియైదేండ్ల ముసలిది. పట్టాలు చాలవరకు 1865 నాటి ఇనుపవి. స్లీపర్లు చివికిపోయినవి. పట్టాల మధ్య గడ్డి దట్టంగా పెరిగి, ఆ గడ్డి వేళ్ళే పట్టాలను పట్టి ఉంచుతున్నవా అనిపించేదట. గడ్డి పెరికి శుభ్రం చేద్దామని చేయి వేస్తే, దానితోబాటు పట్టా లేచివచ్చే స్థితి. శని ఆదివారాలకు నగరాలనుంచి వచ్చే గుమాస్తాలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు ఇంతటి పనికి చాలుదురా అన్నది ప్రశ్న.

పొరుగు లోయలో కారిస్ అనే మరొక మార్గం 1948లో మూతబడినది. దాని గేజికూడ రెండడుగుల మూడంగుళాలే. బ్రిటన్‌లో ఆ కొలత గల మార్గాలు బహు అరుదు. అక్కడ రెండు ఇంజనులు పట్టాలు లేక పడియున్నవి. సంఘం వాటిని బ్రిటిషు రైల్వేనుంచి ఒక్కొక్కటి 25 పౌనులకు కొన్నది. వాటి పాత వరుస సంఖ్యలు 3, 4. తాలిలిన్‌లో ఉన్నవి 1, 2 కనుక అంకెలుకూడ మార్చవలసిన పని లేకపోయినది! మూడవదానికి "సర్ హేడన్" అని, నాలుగవదానికి పాత మేనేజరు పేర "ఎడ్వర్డు థామస్" అని నామకరణం చేసినారు. కొత్తగా వచ్చినవారు తమ పేర్లు కాక, తమకు ముందు ఆ బండిని మోసినవారి పేర్లు పెట్టుకొనుట గమనింపదగినది.

తీరా మూడవ నంబరును పట్టాలమీద పెట్టగా అది మాటిమాటికి క్రిందికి జారసాగినది. ఇంజనులో తప్పు కనబడలేదు. పట్టాలను కొలిచి చూస్తే గుట్టు తెలిసినది. పాత ఇంజను ఇరుసుల మధ్య దూరం ఎక్కువ. వంపులలో అది సులువుగా తిరుగుటకై పాత కంపెనీవారు బుద్ధిపూర్వకంగానే పట్టాలను అర అంగుళం ఎడము చేసి పరచినారు. పాత ఇంజనుల చక్రాల అంచు వెడల్పైనది కనుక వాటికి అది చెల్లినది. కారిస్ ఇంజను చక్రం అంత వెడల్పు కాదు. పట్టామీద నిలువలేక లోపలికి పడిపోయేది. అంటే కొన్న ఇంజను పనికిరావలెనంటే మార్గమంతా సరియైన కొలతకు మరల పరచవలెను. అప్పటిదాకా ఆ ముసలి "డోల్గోఖ్" 1951 వేసవి భారమంతా తానే లాగినది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. రైలు నడిపి చూడు అని మూడవది కలుపుకొనవచ్చును.

నాలుగవ నంబరు విషయం మరొక విధంగా తేలినది. దానిని 1921లో కట్టినది కెర్ స్టూవర్టు, రోల్టు పని నేర్చిన కర్మాగారమే. ఆ కంపెనీ అప్పటికి లేదు. లీడ్సు నగరంలోని హన్స్లెట్ ఇంజను కంపెనీ అధిపతి జాన్ ఆల్కాక్ సంఘ సభ్యుడు. ఆయన ఇంజనును తన కర్మాగారానికి తెప్పించి, రుసుము లేకుండా పూర్తిగా మరమ్మతు చేయించి 1952లో పంపినాడు. మరికొంత తరువాత కాల్షాట్ విమానస్థావరంలో పనిచేసిన 1918 నాటి చిన్న ఇంజను ఒకటి కానుకగా వచ్చినది. దాని గేజి రెండడుగులే. చక్రాలను మూడంగుళాలు దూరం జరిపి "డగ్లాసు" అను పేర తిప్పినారు.

ఔత్సాహికుల రైలు అనగానే అంతా ఔత్సాహికులే చేసినారని మనం అనుకుంటాము. ఆ పేరులో సగమే సత్యమున్నదని నా అభిప్రాయం. గడ్డి కోయుట, స్లీపర్లు మార్చుట, రంగు వేయుట, టిక్కెట్లమ్ముట ఉత్సాహంతో జరిగే పనులు. బాయిలరు పని అటువంటిది కాదు. పొగగొట్టాలు పలుచబడినవా, నిప్పుగూటి రేకును పట్టియుంచే బిగింపు కడ్డీలలో ఏదైనా విరిగినదా అని చూడవలెను; నీరు నింపి, నడిపే ఒత్తిడికంటె హెచ్చు ఒత్తిడి పెట్టి పరీక్షించవలెను. అప్పుడుగాని నిప్పు వేయుటకు తనిఖీదారు అనుమతించడు. ప్రేమకు ఇక్కడ మినహాయింపు లేదు. జీతంపై పనిచేసే కొద్దిమంది నిపుణులను మొదటినుంచీ ఉంచుకొన్నందువలననే, ప్రభుత్వపు తనిఖీకి తలవంచినందువలననే తాలిలిన్ నిలిచినది. రోల్టు 1953లో ప్రచురించిన "రైల్వే అడ్వెంచర్" గ్రంథం చదివినవారికి ఆ తొలి రెండేండ్ల పాట్లు తెలుస్తవి. అదే ఏట వచ్చిన "ది టిట్‌ఫీల్డ్ థండర్‌బోల్టు" చలనచిత్రానికి ప్రేరణ ఈ రైలే. సినిమాలో రైలు నడుపుట వినోదం. గ్రంథంలో అది కష్టం.

పాత ఇంజనులు రెండూ ఒకదాని తరువాత ఒకటి పెద్ద మరమ్మతుకు పోయినవి. "తాలిలిన్" 1958లో తిరిగి వచ్చినది. "డోల్గోఖ్" 1963లో కొత్త బాయిలరుతో వచ్చినది. బాయిలరు మారి, గొట్టాలు మారి, చక్రాలకు కొత్త పట్టీలు వేసిన తరువాత అది 1866 నాటి ఇంజనే అనుట న్యాయమా? ఇది పండితుల వినోదానికి వేసిన ప్రశ్న కాదు. మరమ్మతు చేసే ప్రతివాడూ ఎదుర్కొనేదే. కొయ్యపెట్టె విషయంలో మరీ కష్టం. తలుపు అడుగున నీరు దిగి చివికిన దూలాన్ని తీసివేస్తే పాతతనం కొంత పోతుంది. ఉంచితే పెట్టె విరుగుతుంది. వస్తుప్రదర్శనశాలలో పెట్టినట్లయితే ఈ చిక్కు లేదు. తాలిలిన్ వారు బండి నడుపుటే దానిని కాపాడుట అని నిశ్చయించుకున్నారు. ఆ నిశ్చయానికి వెల ఏమనగా, నడిచినకొద్దీ అసలు భాగాలు అరిగి మారిపోతుంటవి. నాకు ఈ వెల ఎక్కువని తోచదు. ఆవిరిబండి నడిపే పనితనం మనుష్యుల చేతులలో ఉన్నది, అద్దాల పెట్టెలో ఇమిడేది కాదు. నాడు తెచ్చిన నాలుగు పెట్టెలు, ఆ గార్డు వాను మాత్రం నేటికీ ఆ పట్టాలమీదనే ఉన్నవి.

సంఘం పెరిగినది. రెవరెండ్ ఆడ్రీ తొలి సభ్యులలో ఒకడు. పిల్లలకోసం ఆయన వ్రాసిన రైలు కథలలో తాలిలిన్ ఇంజనులే వేరే పేర్లతో తిరుగుతవి. ఆ పుస్తకాలు చదివిన పిల్లలు పెద్దవారై తమ పిల్లలతో టవిన్ వచ్చి టిక్కెట్లు కొన్నారు. డబ్బు అన్నది అట్లా వచ్చినది. అబర్గనోల్విన్‌తో ఆగిపోయిన ప్రయాణికుల బండిని, పూర్వం రాతిబండ్లు మాత్రమే పోయిన ముప్పాతిక మైలు దారిన కొండ అడుగుదాకా పొడిగించి 1976 మే నెలలో ప్రారంభించినారు. రోల్టు దానిని చూడలేదు, 1974లో మరణించినాడు. 1991లో సంఘంవారు తమ వర్కుషాపులోనే ఐర్లండు పీటునేలలలో పనిచేసిన ఒక ఇంజను భాగాలు వాడి కట్టిన ఏడవ నంబరుకు "టాం రోల్టు" అని పేరు పెట్టినారు. 2021లో వాయవ్య వేల్సు పలకరాతి ప్రదేశాలను యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు బ్రిన్ ఎగ్లూయిస్ గని, ఈ రైలు అందులో చేరినవి.

కారిస్ లోయను గూర్చి ఒక మాట మిగిలినది. తన ఇంజనులను ఇచ్చివేసి నిశ్శబ్దమైన ఆ మార్గాన్నికూడ మరొక ఔత్సాహిక సంఘం కొంతమేర మరల పరచగలిగినది. 2002లో అక్కడ తిరిగి ప్రయాణికులు బండి ఎక్కినారు. పాత ఇంజనులు తాలిలిన్‌వి అయిపోయినందున, "ఎడ్వర్డు థామస్" నమూనానే తీసుకొని వారు కొత్త ఆవిరి ఇంజను ఒకటి కట్టుకున్నారు. అది 2005లో పనిలోనికి వచ్చినది.