పాఠశాలలోని పైవిద్యలు

చదువుట, వ్రాయుట, లెక్క చేయుట అను మూడును బిడ్డకు వచ్చిన చాలును. పాటలు, బొమ్మలు, చేతిపనులు, ఆటలు తీరిక గలవారి వినోదములని తలంచు తల్లిదండ్రులు మనలో ననేకులు కలరు. పరీక్షలు సమీపించినప్పుడు కాలపట్టికలో మొట్టమొదట కొట్టివేయబడునది సంగీతపు గంట. పిమ్మట చిత్రలేఖనపు గంట. ఈ యలవాటు అనాది సిద్ధమని మనకు తోచును. కాని చరిత్రను విచారించి చూచినచో దీనికి కారణము లున్నవి. ఒక దేశము దీనిని శాసనముగానే చేసికొని, దాని ఫలము ననుభవించి, విడిపించుకొనుటకు ముప్పది యేండ్లకు పైగా పట్టినది. ఆ వృత్తాంతమును పాఠకులకు తెలుపవలెనని మా యుద్దేశము.

మొదట మన వీధిబడిని చూతము. 1822లో మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని పాఠశాలల లెక్కలు పంపవలసినదని కలెక్టరులకు వ్రాసెను. బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదికలో ఆ జిల్లాయందు 533 పాఠశాలలును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు చూపెను. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, ఉదయమున మొదట వచ్చిన బాలుని యరచేత గౌరవార్థము సరస్వతి పేరు వ్రాయుట, రెండవవాని చేత సున్న చుట్టుట, మూడవవాడు మొదలు వచ్చిన వరుసను బట్టి దెబ్బలు పెరుగుట ఆయన వర్ణించెను. పిల్లలు వల్లించు పద్యముల భాష వారు మాటలాడు భాష కాకపోవుటచే, అర్థ మెఱుగకయే కంఠస్థము చేయుచున్నారని కూడ ఆయన విచారపడెను.

వీధిబడిని మేము పొగడదలచుకొనలేదు. అందు ఆడపిల్లలు మిక్కిలి తక్కువ. అంటరానివారని త్రోసివేయబడినవారి బిడ్డలకు సాధారణముగా దాని ద్వారము మూసియే యుండెను. అయినను ఆ బడిలో ఎక్కములు సైతము గొంతెత్తి రాగముతో చదువబడెను. దసరా వచ్చినప్పుడు అయ్యవారును పిల్లలును రంగురంగుల విల్లంబులు పట్టుకొని ఇంటింటికి పోయి పద్యములు పాడుచుండిరి. గృహస్థులు అయ్యవారికి కానుకయు, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చుచుండిరి. పాటను చదువు నుండి విడదీయవలెనను తలంపు ఆ పేద బడికి కలుగలేదు.

ఇక ఇంగ్లండునకు పోదము. అచ్చటి ప్రాథమిక పాఠశాలలకు ప్రభుత్వ మిచ్చు ద్రవ్యము ఏటేట పెరుగుచుండగా, 1858లో న్యూకాసిల్ ప్రభువు అధ్యక్షతను ఒక విచారణ సంఘ మేర్పడెను. 1861లో అది తన నివేదిక నొసగెను. పెట్టిన ధనమునకు తగిన ఫలము కనబడవలెనని రాబర్ట్ లో అను మంత్రి 1862లో సవరించిన నిబంధనలను తెచ్చెను. వాని ప్రకారము సగటు హాజరును బట్టి తలకు 4 షిల్లింగులు లభించును. ఆరేండ్లు దాటిన పిల్లవాడు పరీక్షలో గెలిచిన మఱి 8 షిల్లింగులు. చదువులో తప్పిన 2 షిల్లింగుల 8 పెన్నీలు, వ్రాతలో తప్పిన నంతయే, లెక్కలో తప్పిన నంతయే కోసివేయబడును. అనేక పాఠశాలలలో ఉపాధ్యాయుని జీతము ఈ గ్రాంటు మీదనే యాధారపడి యుండెను.

ఫలితము ఊహింపదగినదే. వెల కట్టబడిన మూడును నిలిచెను. వెల లేని భూగోళము, చరిత్ర, చిత్రలేఖనము, సంగీతము వెనుకకు పోయెను. ఆ మూడును బాగుపడెనా యన్నచో అదియు లేదు. ఇన్స్పెక్టరు పరీక్షించు వాచకమును పిల్లలు ఆద్యంతము వల్లించిరి; పుస్తకమును తలక్రిందుగా పట్టుకొనియు తప్పులేక చదువగల పిల్లలు కలరని ఆ కాలమువారు చెప్పుకొనిరి. 1851 మొదలు 1886 వఱకు పాఠశాలల ఇన్స్పెక్టరుగా నుండిన కవి మాథ్యూ ఆర్నల్డు, బోధన యంత్రప్రాయ మగుచున్నదని తన నివేదికలలో మొఱపెట్టుచునే యుండెను.

తప్పు తెలిసిన పిమ్మట ప్రభుత్వము చేసిన చికిత్స విచిత్రమైనది. విడిచిన విద్యలకును ఒక్కొక్కదానికే వెల కట్టిరి. 1880వ దశకమునందు పిల్లలు విని పాడినచో తలకు 6 పెన్నీలు, స్వరములు చూచి పాడినచో 1 షిల్లింగు. దీనివలన పాట పాఠశాలకు తిరిగి వచ్చిన మాట నిజము. కాని పిల్లల సంతోషముకొఱకు రావలసినది గ్రాంటుకొఱకు వచ్చెను. 1890లో మూడు మూలవిద్యల మీది వెల తీసివేయబడెను. ఆ యేటనే బాలురకు చిత్రలేఖనము విధింపబడెను. శతాబ్దము ముగియునప్పటికి ఆ పద్ధతి యంతరించెను.

శాసనము పోయినంత మాత్రమున అలవాటు పోదని ఎడ్మండ్ హోమ్సు చెప్పెను. ఈయన 1875లో ఇన్స్పెక్టరై, ప్రాథమిక పాఠశాలల ప్రధాన ఇన్స్పెక్టరు పదవి వఱకు పోయినవాడు. తాను నడిపిన పద్ధతినే తీవ్రముగా ఖండించుచు 1911లో ఒక గ్రంథమును ప్రకటించెను. అందే ఆయన ఒక పల్లెటూరి బడిని ఆదర్శముగా చూపెను. అది ససెక్సు మండలములోని సాంప్టింగు గ్రామపు బడి; 1897 మొదలు 1910 వఱకు హారియెట్ ఫిన్లే జాన్సన్ అను ఉపాధ్యాయిని దానిని నడపెను. అచ్చటి పిల్లలు చరిత్రలోని ఘట్టములను తామే నాటకములుగా కూర్చుకొని, వేషములు తామే సిద్ధపఱచుకొని యాడిరి. పొలములలో తిరిగి చెట్టుచేమల నెఱిగిరి. నాటకమునకు కావలసి పుస్తకములు వెదకి చదివిరి, సంభాషణలకై వ్రాసిరి. పైవిద్య మూలవిద్యకు అడ్డము రాలేదు. దానికి ప్రయోజనము చూపినది.

ఈ కథ మనకు పరాయిది కాదు. ఫలితములను బట్టి గ్రాంటు నిచ్చు పద్ధతి పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మదరాసు రాజధానిలోను అమలు జరిగి, ఇరువదవ శతాబ్దారంభమున విడువబడెను. దాని నీడ మాత్రము నేటికిని మన కాలపట్టికల మీద నున్నదని మా యభిప్రాయము.

ఆ నీడను తొలగింప జూచినవారును మన దేశమున పుట్టిరి. 1901లో రవీంద్రనాథుడు శాంతినికేతనమున స్థాపించిన బడిలో పాటయు, చెట్ల నీడయు చదువులో భాగములయ్యెను. 1937లో వార్ధాలో జరిగిన సభయు, జాకిర్ హుస్సేను అధ్యక్షతను పనిచేసిన సంఘమును చేతిపనిని విద్యకు కేంద్రము చేసిరి. అయితే పిల్లల చేతి వస్తువుల వెలతో బడి ఖర్చు కొంత గడువవలెనను గాంధీమహాత్ముని యాశ మీద నాడే ఆక్షేపణలు పుట్టెను. అవి నిర్హేతుకములు కావు. పాటను షిల్లింగుతో కొలిచినను, నూలును అణాలతో కొలిచినను, పిల్లవాడు కనుమఱుగగుట ఒక్కటియే.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఆటస్థలమును, గ్రంథాలయమును ప్రతి పాఠశాలకు విధించినది. ఆఱు మొదలు ఎనిమిది తరగతులలో పిల్లలు నూరుగురు మించినచోట చిత్రకళకు, వ్యాయామమునకు, పనివిద్యకు పాక్షిక కాలపు ఉపాధ్యాయులుండవలె ననినది. అయిదవ తరగతిలోపు పసివారికి అట్టి నియమము చేయలేదు. పాఠ్యవిషయములకును పైవిషయములకును నడుమ గట్టి గోడ యుండరాదని 2020 జాతీయ విద్యావిధానము పలికినది. ఈ మాట కార్యరూపము దాల్చుట చిన్న తరగతులలో ఒక్క తరగతి ఉపాధ్యాయుని మీదనే యాధారపడినది.

కలిగినవారి బిడ్డకు ఇంటికి వచ్చి సంగీతము చెప్పువారుందురు. రంగులు, వాద్యములు కొనబడును. కూలివాని బిడ్డకు బడిలో దొరికినదే పాట, బడిలో దొరికినదే బొమ్మ. ఆ గంటను కొట్టివేసిన దినమున ఆ బిడ్డకు అది మఱియెక్కడను దొరకదు. కావున ఇది వినోదమును గూర్చిన ప్రశ్న కాదు, న్యాయమును గూర్చిన ప్రశ్న. పాఠకులు తమ బిడ్డలను మార్కు లడుగునట్లే, ఈ వారము ఏమి పాడితివి, ఏమి చేసితివి అని యడుగుదురు గాక. బడి సమావేశములకు పోయినప్పుడు ఆ గంట నిలిచినదా యని విచారింతురు గాక. దానికి కూడ పరీక్ష పెట్టుడని మాత్రము కోరకుందురు గాక; ఆ దారి ఎచ్చటికి పోవునో పైన చూచితిమి.