పిడికెడు బియ్యపు సంఘములు

డోర్నకల్ అధ్యక్ష మండలమును గూర్చి వ్రాయబూనిన వారెల్లరు ముందుగా అచ్చటి ఎపిఫనీ కతీడ్రలును వర్ణించుట పరిపాటి. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠితమై, హైందవ మహమ్మదీయ శిల్పరీతుల రెంటిని క్రైస్తవారాధనకు ఒదిగించుకొన్న ఆ దేవాలయమును ఒకసారి చూచినవారు మరువజాలరు గనుక, అట్లు వ్రాయుట తప్పుగాదు. అయినను ఆ గుమ్మటముల క్రింద నిలిచినప్పుడెల్ల నా మనస్సు, మా పల్లెలోని తాటాకు మందిరమునకును, దాని మూలనుండిన బియ్యపు కుండకును పరుగిడుచుండును. ఈ జయంతి సంచికయందు ఆ కుండను గూర్చి నాలుగు మాటలు వ్రాయుట నా ఉద్దేశము.

1903లో తిరునల్వేలి క్రైస్తవులు, పరదేశ ధనమును ఆశింపక, తమ కానుకలతోనే ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, డోర్నకల్ ప్రాంతమును తమ సేవాక్షేత్రముగా ఎన్నుకొనిరి. తిరునల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై గ్రామమున జన్మించిన వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు 1909లో గురుపట్టము పొంది ఇచ్చటికి వచ్చి, పరభాషయైన తెలుగును అభ్యసించి, 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింటు పాల్స్ కతీడ్రలునందు బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన భారతీయులలో వారే ప్రథములు. ఇదంతయు పుస్తకములలో ఉన్నదే. పుస్తకములలో అంతగా కానరానిది, ఆ మహనీయుడు ఎడ్లబండిలో పల్లెపల్లె తిరిగి, మురికి, రోగము, ఋణము, మద్యము అను నాలుగు పిశాచములను వెడలగొట్టుడని బోధించి వెళ్లిన తరువాత, మరునాటి ఉదయము నుండి ఆ పిశాచములతో పెనుగులాడవలసినవాడు పల్లెలో కాపురముండు ఉపదేశి యను సంగతి.

మా మందిరము పగలు బడి, రాత్రి గుడి. దూలమునకు వ్రేలాడదీసిన రైలుపట్టా ముక్కయే మాకు గంట. పొలము నుండి వచ్చిన కూలిజనము కాళ్లు కడుగుకొని, గంజి త్రాగి, చంకబిడ్డలతో వచ్చి కూర్చుండుసరికి ఉపదేశిగారు లాంతరు చిమ్నీని పంచెకొంగుతో తుడిచి వెలిగించెడివారు. అక్షరము రానివారిచేత పరలోక ప్రార్థనను, పది ఆజ్ఞలను ఒక్కొక్క మాటగా పలికించి, పలికించి కంఠస్థము చేయించుట ఆయన నిత్యకృత్యము. ఆడవారు పూటపూట వంటకు బియ్యము కొలుచునపుడు ఒక పిడికెడు తీసి వేరుకుండలో వేసి, ఆదివారము ఆ బియ్యమును మూటగట్టి తెచ్చి మందిరపు కుండలో పోసెడివారు. కోతపండుగనాడు కోళ్లు, గ్రుడ్లు, గుమ్మడికాయలు వేలమునకు వచ్చును. ఒక సంవత్సరము ఒకే సొరకాయను నలుగురు పాడుకొని, నలుగురును తిరిగి కానుకగా ఇచ్చివేయగా, తుదకు అది గురువుగారి భార్యయైన అమ్మగారి వంటయింటికే చేరినది. అజరయ్యగారు స్వయంపోషణను గూర్చి ఎన్ని ప్రసంగములు చేసినను, దానికి ఆ సొరకాయను మించిన వ్యాఖ్యానము నాకు కనబడలేదు.

ఉపదేశి పని ప్రార్థనతో ముగిసెడిది కాదు. దూరదేశమున కూలికి పోయిన కొడుకునకు ఉత్తరము వ్రాయుట, కరణమునకు అర్జీ వ్రాయుట, తేలుకుట్టిన వానికి మందు పూయుట, త్రాగి వచ్చిన మగని చేతిలోని కఱ్ఱ లాగుకొనుట, ఇవియన్నియు ఆయన పనులే. గురువైన అయ్యగారికి ఎనిమిదో పదో గ్రామములు. సైకిలుపై వచ్చి, ప్రభురాత్రి భోజన సంస్కారము జరిపి, చీకటి పడకముందే మరియొక ఊరికి సాగిపోవలసినవారు. ఈ ఇరువురి జీతములును స్వల్పములు. అవి చేతికి వచ్చులోపలనే దుకాణపు పద్దులో సగము కరగిపోయెడివి. అట్టి పల్లెలకు బదిలీ యగుటను శిక్షగా భావించు వారు నేడును కలరు.

చిన్న సంఘమున అంతయు మధురమని చెప్పుట అబద్ధమగును. ఇద్దరు పెద్దలకు గట్టుతగాదా వచ్చెనేని ఆదివారము సగము చాపలు ఖాళీ. మాలపల్లెకొక మందిరము, మాదిగపల్లెకొక మందిరము గల ఊళ్లున్నవి. ఒకే పాత్రలోనిది త్రాగుదుమని చెప్పుకొను మనకు ఇది తలవంపు గాక మరేమి? అయినను ఈ లోపములను చూపి, పదిపదునైదు కుటుంబముల సంఘములను సమీపమునగల పెద్ద సంఘములో కలిపివేసినచో వ్యయము తగ్గునని లెక్కలు వేయువారి మాట నాకు సమ్మతము కాదు. పట్టణపు గుడిలో మూడు వారములు రానివానిని అడుగువారుండరు. మా పల్లెలో ఒక ముసలమ్మ ఒక్క సాయంకాలము రాకున్న, ప్రార్థన ముగియగానే ఉపదేశిగారు లాంతరు పట్టుకొని ఆమె గుడిసెకు నడచెడివారు. ఆ లాంతరు ఏ లెక్కలోనికి వచ్చును?

1919లో తరంగంబాడి సమావేశమున వేర్వేరు సంఘశాఖల ఐక్యమునకు ముందు నడచిన వారిలో అజరయ్యగారొకరు. 1945 జనవరి 1న కన్నుమూసిన ఆయన ఆ ఐక్యమును చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మదరాసు సెయింటు జార్జి కతీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినదను వార్త మా పల్లెకు చేరినప్పుడు పెద్దలు అడిగిన ప్రశ్న ఒక్కటే: "మన అయ్యగారు మారరు గదా?" నాడు దానిని విని నవ్వినవారున్నారు. నాకు మాత్రము, సంఘ మనగా ఏమో వారికి మనకంటె బాగుగా తెలియునని ఇప్పుడు తోచుచున్నది.

బిషప్పుల చిత్రపటములు ఈ సంచికలో వరుసగా ఉన్నవి, ఉండవలసినవే. ఉపదేశుల పటములు లేవు. ఏలయన వారి పటములు తీయించిన వారు లేరు. వారి పేర్లు మాత్రము పల్లెల బాప్తిస్మపు పుస్తకములలో, సిరా వెలిసిన సంతకములుగా ఉన్నవి. పాఠకులారా, మీ సంఘపు పాత పుస్తకమును చెదలు ముట్టకమునుపే తెరచి, మీ తొలి ఉపదేశి పేరును, ఆయన పనిచేసిన సంవత్సరములను ఒక కార్డుపై వ్రాసి ఈ సంచిక సంపాదకులకు పంపుడు.