పాయింట్ ముప్ఫైరెండు కథ

డాలస్‌లో ఉండే మా చిన్నాన్నగారబ్బాయి ఈ మధ్య గ్లాక్ 19 కొన్నాడు. కొన్న రోజునే ఫోటోలతో ఓ పొడుగాటి మెయిలు. చేతిలో భలే ఇమిడిందనీ, చొక్కా కింద పెట్టుకుంటే కనపడట్లేదనీ, తూటాలు 15 పడతాయనీ ఒకటే మురిపెం. (హెచ్-1బి మిత్రులారా, తొందరపడకండి. వాడికి గ్రీన్ కార్డ్ ఉంది. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు అక్కడ తుపాకి దగ్గరుంచుకోవడం నేరం. వేట లైసెన్సులాంటి ఒకటి రెండు మినహాయింపులున్నాయంతే.)

మా లింగంపల్లి కాలనీలో వ్యాపారం చేసుకునే పెద్దాయన దగ్గరా ఒక చిన్న పిస్తోలుంది. కాకపోతే అది .32. పడేవి 8 తూటాలు. "సినిమాల్లో అందరూ 9 ఎమ్.ఎమ్. అంటారు, మీరు ఇదెందుకు కొన్నారండీ?" అని అడిగాను. "అది మనకివ్వరు బాబూ!" అన్నారు. ఎందుకివ్వరు? అదీ నాకు పట్టుకున్న పురుగు.

కథ 1857 నుంచి మొదలుపెట్టాలి. సిపాయిల తిరుగుబాటుతో తెల్లదొరలకి పుట్టిన భయం ఓ పట్టాన పోలేదు. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం తెచ్చారు. భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి, యూరోపియన్‌కి అక్కర్లేదు! సర్కారు జిల్లాలు, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోవి కాబట్టి అక్కడ ఈ చట్టమే నడిచింది. తెలంగాణ నిజాం ఏలుబడిలో ఉండేది.

జనం దగ్గర తుపాకుల్లేకపోతే తిరగబడేవాడు ఏం చేస్తాడు? సర్కారు తుపాకులే ఎత్తుకెళతాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చేసిందదే. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. దొరికినవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. వాటితోనే మన్యం పోరాటం దాదాపు రెండేళ్ళు నడిచింది.

ఇప్పుడు స్వతంత్ర భారతంలోకి రండి. 1959లో కొత్త ఆయుధాల చట్టం, 1962లో దాని నియమాలు వచ్చాయి. వాటిలోని పట్టిక చదివితే విషయం అర్థమైపోతుంది. సైన్యం, పోలీసులు వాడే .303, 7.62 ఎమ్.ఎమ్., 9 ఎమ్.ఎమ్., .380, .455 తూటాలు పట్టే ఆయుధాలు నిషిద్ధం. కేంద్రం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప మామూలు పౌరుడికి రావు. అంటే ప్రభుత్వ తూటా జనం తుపాకిలో దూరకూడదు. ఆఫీసు చార్జరు ఇంటి ఫోనుకి పట్టకుండా పిన్ను సైజు మార్చేసినట్టన్నమాట. ఈ నియమం అల్లూరి వల్లే వచ్చిందని నేననను గానీ, భయం మాత్రం ఆ జాతిదే. 2016లో నియమాలు తిరగరాశారు, శిక్షణ తప్పనిసరి చేశారు. 2019 సవరణతో ఒకరికి మూడు తుపాకుల నుంచి రెండుకి తగ్గించారు. 9 ఎమ్.ఎమ్. మీద గీత మాత్రం అలాగే ఉంది.

అలా మనకి మిగిలింది .32. పిస్తోల్లో వాడే ఈ తూటా అమెరికన్ జాన్ బ్రౌనింగ్ 19వ శతాబ్దం చివర్లో తయారుచేసింది. తమాషా ఏంటంటే, 1928లో సాండర్స్ మీద భగత్‌సింగ్ కాల్చింది .32 కోల్ట్‌తోనే. 1931 ఫిబ్రవరి 27న అలహాబాద్ పార్కులో చంద్రశేఖర్ ఆజాద్ చేతిలో ఉన్నదీ .32 కోల్టే. "ప్రమాదం లేదు" అనుకుని పౌరుడికి వదిలిన సైజు ఇది!

భగత్‌సింగ్‌ని ఉరితీసిన వారం తిరక్కుండానే 1931 మార్చిలో కరాచీ కాంగ్రెస్ జరిగింది. ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా రాసుకున్నారు. 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో కామత్ అదే హక్కు చేర్చమన్నారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. అప్పటికి హైదరాబాద్‌లో పోలీసు చర్య జరిగి మూడు నెలలు, తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా నడుస్తూనే ఉంది. ఆనాటి ఢిల్లీ ఎలా ఆలోచించి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

ఇంతకీ నా అభిప్రాయం? ఈ చట్టం పుట్టుక అవమానకరమే. పరాయి పాలకుడి అనుమానం నుంచి పుట్టింది. అయినా దాన్ని సడలించమని మాత్రం నేనడగను. అమెరికాలో 2021లో తుపాకుల వల్ల పోయినవాళ్ళు 48,830 మంది. అందులో 26,328 ఆత్మహత్యలు. సగం కన్నా ఎక్కువ! అంటే దొంగ కోసం కొన్న పిస్తోలు ఇంట్లోవాడి వైపే తిరిగే అవకాశం తక్కువేం కాదు. డెడ్‌లైన్లు, లేఆఫ్‌లు, ఇఎంఐల మధ్య బతికే మనవాళ్ళ బీరువాల్లో తలా ఒక గ్లాక్ ఉంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

లైసెన్సు కోసం కమిషనరేట్ చుట్టూ తిప్పించుకునే ఆ నెలలూ, విచారణలూ చాలామందికి చిరాకే. నాకైతే, కోపంలో ఉన్న మనిషి చల్లబడ్డానికి ఆ ఆలస్యమే పనికొస్తుందనిపిస్తుంది. మా తమ్ముడికి జవాబు రాశాను. పిస్తోలు బాగుంది, తాళం ఉన్న పెట్టె కూడా కొన్నావా అని.