హోసూరు జ్వరాలు, లండన్ లెక్కలు

1918లో ఇన్‌ఫ్లుయెంజా దేశాన్ని ఊడ్చేసినప్పుడు హోసూరు, కృష్ణగిరి రెండూ మద్రాసు రాజధానిలోని సేలం జిల్లా తాలూకాలు. తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి, మొరప్పూరు నుంచి హోసూరుకు అప్పటికే చిన్న రైలు నడుస్తోంది. ఊళ్లో ఎవరు పోయినా గ్రామాధికారి చావుల రిజిస్టరులో రాసేవాడు. కారణం దగ్గర తరచుగా పడే మాట ‘జ్వరం’. మలేరియా అయినా ఫ్లూ అయినా ఆ ఒక్క మాట కిందికే పోయేది. ఆ ఏడాది ఈ తాలూకాలు ఎందరిని పోగొట్టుకున్నాయో అందుకే ఎప్పటికీ సరిగ్గా తేలదు. ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఇదే.

జ్వరాల్లోంచి ఫ్లూను వేరు చేయాలంటే ముందు వైరస్ దొరకాలి. మనుషుల ఫ్లూ వైరస్ 1933లో లండన్‌లో దొరికింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అక్కడే ప్రపంచ ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం వెలిసింది. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశదేశాల ప్రయోగశాలలను ఒక వలగా కలిపింది. దక్షిణాదిన ఫ్లూను గుర్తించే పని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌ది.

1957 మేలో సింగపూర్ ఓడలో ‘ఆసియా ఫ్లూ’ మద్రాసు రేవులో దిగింది. పన్నెండు వారాల్లో దేశమంతా పాకింది. 1958 ఫిబ్రవరి దాకా నమోదైన కేసులే 44 లక్షలు దాటాయి. ఈసారి మాత్రం జ్వరానికి పేరుంది. రోగి గొంతు కడిగిన నీటిని పిండం ఎదుగుతున్న కోడిగుడ్డులోకి ఎక్కించి రెండు మూడు రోజులు పొదిగేవారు. తర్వాత లోపలి ద్రవాన్ని కోడి రక్తకణాలతో కలిపేవారు. వైరస్ లేకపోతే కణాలు గొట్టం అడుక్కి ఎర్రటి చుక్కలా దిగేవి. ఉంటే ఒకదానికొకటి అతుక్కుని పలచని పొరలా పరుచుకునేవి. ఏ రకానివో ముందే తెలిసిన సీరాలతో (ప్రతిరక్షకాలున్న రక్తద్రవాలతో) పరీక్షించి, ఆ వైరస్ ఏ రకమో తేల్చేవారు.

ఇప్పుడు దేశంలో ఆ బాధ్యత పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థది, తమిళనాడుకు చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ముఖ్యం. 2009 మేలో హైదరాబాద్‌లో కొత్త రకం హెచ్1ఎన్1 ఫ్లూ దేశపు తొలి కేసు బయటపడ్డాక గొంతు నమూనాలు ఐస్‌పెట్టెల్లో ప్రయోగశాలలకు వెల్లువెత్తాయి. కృష్ణగిరి 2004లోనే హోసూరును కలుపుకుని సొంత జిల్లా అయింది. హోసూరుకు చెన్నై కన్నా బెంగళూరు చాలా దగ్గర, జబ్బు ముదిరితే జనం అటే పరుగెత్తుతారు. పరీక్ష కర్ణాటకలో జరిగినా కేసు రోగి చిరునామాను బట్టి కృష్ణగిరి లెక్కలోకి తిరిగి రావాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఒకదానికొకటి వెంటనే కబురు చెప్పుకుంటేనే అది జరుగుతుంది. ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించేది ఇలా ఊరూరా పోగైన నమూనాలను చూసే.