జెఫర్సన్ పక్కన పెట్టేసిన చెక్క చక్రాలు

18వ శతాబ్దపు యూరప్‌లో ఉత్తరం రాసినవాడికీ అందుకున్నవాడికీ మధ్య ఇంకో పాఠకుడు ఉండేవాడు. పరాయి దేశాల రాయబారుల ఉత్తరాల లక్క ముద్రలు ఊడదీసి, చదివి, నకలు రాసుకుని, ఏమీ ఎరగనట్టు మళ్లీ అతికించి పంపడానికి ప్యారిస్, లండన్, వియన్నా ప్రభుత్వాలు జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నాయి. 1784 నుంచి 1789 దాకా అమెరికా దూతగా ప్యారిస్‌లో ఉన్న థామస్ జెఫర్సన్‌కు ఈ బాగోతం బాగా తెలుసు. స్వదేశంలో ఉన్న మిత్రుడు జేమ్స్ మాడిసన్‌కు రాసే ఉత్తరాల్లో గుట్టు మాటలన్నీ అంకెల్లోకి మార్చేవాడు.

అమెరికన్లకు రహస్య లిపి కొత్తేమీ కాదు. స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో జేమ్స్ లోవెల్ అనే కాంగ్రెస్ సభ్యుడు రాయబారుల కోసం ఒకటి తయారుచేశాడు. చిక్కేమిటంటే, అది శత్రువులకే కాదు, సొంతవాళ్లకూ కొరుకుడు పడలేదు. యూరప్‌లో ఉన్న జాన్ ఆడమ్స్ ఆ ఉత్తరాలతో కుస్తీ పట్టి పట్టి, తనవల్ల కావడం లేదని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అందరికీ నచ్చింది నిఘంటువు పద్ధతి. ఒక్కో మాటకు, ఒక్కో అక్షరాల జంటకు ఒక అంకె. జెఫర్సన్, మాడిసన్‌లు వాడిన పట్టికలో 1700 దాకా ఉండేవి. పని సులువే. కానీ ఆ పట్టిక ఒకసారి శత్రువు చేతిలో పడిందా, అంతకుముందు పంపినవీ ఇకముందు పంపబోయేవీ అన్నీ బట్టబయలే. కొత్త పట్టిక పంపాలంటే ఓడలో అట్లాంటిక్ దాటాలి.

1790 మార్చిలో జెఫర్సన్ కొత్త దేశానికి విదేశాంగ మంత్రి అయ్యాడు. ఆయన శాఖలో గుమాస్తాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1793లో ఫ్రాన్స్, బ్రిటన్‌ల మధ్య యుద్ధం మొదలైంది. తటస్థంగా ఉంటామని అధ్యక్షుడు వాషింగ్టన్ ప్రకటించాడు గానీ, ఆయన మంత్రివర్గంలోనే ఆర్థిక మంత్రి హామిల్టన్ మొగ్గు ఇంగ్లండ్ వైపు, జెఫర్సన్ మొగ్గు ఫ్రాన్స్ వైపు. ఎవరికి ఏం రాశారో బయటికి పొక్కితే కొంపలంటుకునే కాలం.

ఆ 1790ల్లోనే జెఫర్సన్ ఒక యంత్రాన్ని ఊహించాడు. యంత్రమంటే మరీ పెద్ద మాట. రెండంగుళాల మందాన ఒక తెల్ల చెక్క దుంగ, దాని మధ్యలో బారుగా ఒక రంధ్రం. ఆ దుంగను బజ్జీలకు అరటికాయ తరిగినట్టు 36 చక్రాలుగా కోయాలి. ఒక్కో చక్రం అంచు మీద 26 ఇంగ్లీషు అక్షరాలూ చిందరవందరగా రాయాలి, ఏ రెండు చక్రాల వరుసా ఒకటి కాకుండా. చక్రాలకు 1 నుంచి 36 దాకా అంకెలు వేసి, ఇనుప ఊచకు గుచ్చాలి. అంతే.

పంపేవాడు చక్రాలు తిప్పుతూ తన సందేశంలోని మొదటి 36 అక్షరాలు ఒక వరుసలో వచ్చేలా చేస్తాడు. అప్పుడు మిగతా 25 వరుసల్లో అర్థంపర్థం లేని అక్షరాలుంటాయి. వాటిలో ఏదో ఒక వరుస చూసి కాగితం మీద ఎక్కిస్తాడు. ఏ వరుస అని చెప్పనక్కర్లేదు, అందం అక్కడే ఉంది. అందుకున్నవాడి దగ్గరా అలాంటి చక్రాలే ఉంటాయి. ఆ పిచ్చి అక్షరాలను ఒక వరుసలో పేర్చి, దుంగను చుట్టూ తిప్పి చూస్తే, ఎక్కడో ఒక వరుసలో మాటలు కనిపిస్తాయి. దొంగ చేతికి చక్రాలు చిక్కినా, ఊచకు వాటిని ఏ క్రమంలో గుచ్చాలో తెలియాలి కదా! ఎన్ని క్రమాలు సాధ్యమో జెఫర్సన్ లెక్క కట్టాడు: 372 రాసి, పక్కన 39 సున్నాలు.

వాడుకలో మాత్రం అంకెలే ఉండిపోయాయి. 1798లో, జెఫర్సన్ ఉపాధ్యక్షుడిగా ఉండగా, ప్యారిస్‌లోని అమెరికన్ దూతలు అంకెల్లో రాసి పంపిన నివేదికలు ఫిలడెల్ఫియా చేరాయి. వాటిని మాటల్లోకి మార్చడానికి రోజులు పట్టింది. తీరా చూస్తే, చర్చలు మొదలవ్వాలంటే లంచం ఇమ్మని ఫ్రెంచి విదేశాంగ మంత్రి టాలీరాండ్ మనుషులు అడిగారని ఉంది! నివేదికలు బయటపెట్టమని పట్టుబట్టింది జెఫర్సన్ పక్షంవాళ్లే. బయటపెట్టాక ఫ్రాన్స్ మీద దేశమంతా భగ్గుమంది, ఫ్రాన్స్‌ను వెనకేసుకొచ్చిన ఆ పక్షానికి నోట మాట రాలేదు.

1801లో జెఫర్సన్ అధ్యక్షుడయ్యాడు. ఆ డిసెంబరులో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ గణితాచార్యుడు రాబర్ట్ ప్యాటర్సన్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నది కాగితం, కలం తప్ప ఇంకేమీ అక్కర్లేని ఒక రహస్య లిపి. సందేశాన్ని పైనుంచి కిందికి నిలువుగా రాసి, అడ్డ వరుసల క్రమం మార్చి, ప్రతి వరుస ముందూ కొన్ని ఉత్తుత్తి అక్షరాలు చేర్చాలి. మానవజాతి అంతా ఏకమైనా దీన్ని విప్పలేదని ప్యాటర్సన్ ధీమా. తాళంచెవి, అంటే ఆ వరుసల క్రమమూ ఉత్తుత్తి అక్షరాల లెక్కా, ఏమిటో చెప్పకుండా ఒక నమూనా కూడా జతచేశాడు.

జెఫర్సన్ 1802 మార్చిలో జవాబు రాశాడు. వాడకంలో తన చక్రాలకన్నా ఇదే సులువని ఒప్పుకుని, విదేశాంగ శాఖకు సిఫారసు చేస్తానన్నాడు. సొంత తెలివిని అంత తేలిగ్గా పక్కన పెట్టగలిగినవాళ్లు అధికారంలో అరుదు. కానీ నాకు మాత్రం ఆయన తప్పు గుర్రమెక్కాడనే అనిపిస్తుంది. అలసిపోయిన గుమాస్తా కూడా చక్రాలు తిప్పగలడు. నిలువు రాతను అడ్డంగా చెదరగొట్టి కూర్చడం వాడివల్ల కాదు.

జరిగిందీ అదే. ఏప్రిల్‌లో ఆయన ప్యారిస్‌లోని రాయబారి రాబర్ట్ లివింగ్‌స్టన్‌కు, ఫ్రెంచి మిత్రుడు డ్యూపాంట్ ద నెమూర్ చేతికిచ్చి, ఈ లిపిని పంపాడు. తాళంచెవిని ఇద్దరి పేర్లూ ఊర్లూ కలిపి తయారుచేసుకోవచ్చని, జ్ఞాపకం పెట్టుకోవడం తేలికని నచ్చజెప్పాడు. లివింగ్‌స్టన్ మాత్రం పాత అంకెల పట్టికనే పట్టుకుని వేలాడాడు. కోటీ యాభై లక్షల డాలర్లకు ఫ్రాన్స్ నుంచి లూసియానాను కొని దేశాన్ని రెట్టింపు చేసిన 1803 ఒప్పందం ఆయన ప్యారిస్‌లో ఉండగా కుదిరినదే.

చక్రాల సంగతి అందరూ మరిచిపోయారు. 1891లో ఎటియెన్ బజేరీ అనే ఫ్రెంచి సైనికాధికారి 20 చక్రాలతో అలాంటిదే చేశాడు. 1922లో అమెరికన్ సైన్యం 25 అల్యూమినియం చక్రాలున్న ఎం-94ను వాడుకలోకి తెచ్చింది, రెండో ప్రపంచ యుద్ధం దాకా వాడింది. సరిగ్గా ఆ 1922లోనే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని జెఫర్సన్ కాగితాల్లో ఆయన చక్రాల వర్ణన బయటపడింది.

ప్యాటర్సన్ నమూనా మాత్రం రెండు వందల ఏళ్లు మూతపడే ఉంది. లారెన్ స్మిత్‌లైన్ అనే గణితవేత్త కంప్యూటర్ సాయంతో దాన్ని విప్పి, 2009లో ఆ కథ ప్రచురించాడు. తాళంచెవి ఏడు అంకెల జతలు: 13, 34, 57, 65, 22, 78, 49. లోపల దాగినది 1776 జులై 4 నాటి స్వాతంత్ర్య ప్రకటన తొలి భాగం. దాన్ని రాసింది జెఫర్సనే.